కారణాలు రాసే గడి

రీజినల్ ఆఫీసు నుంచి కాగితం వచ్చింది.
ఎడమ పక్క నిరుటి లాభం, దాని పక్కన ఈ ఏటిది,
చివర్లో అగ్గిపెట్టంత గడి:
తగ్గుదలకు కారణాలు.

మార్చి ముప్పై ఒకటి. రాత్రి తొమ్మిదిన్నర.
నరసాపురం ఆఖరి బస్సు వెళ్ళిపోయింది.
దొరబాబు టీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి
"ఏం రాత్తారండీ?" అన్నాడు,
తన జీతం కూడా అందులోనే ఉందన్నట్టు.
ఉంది కూడా.

చూడు దొరబాబూ,
జనం దగ్గర ఆరున్నరకి తీసుకుంటాం,
జనానికే పదకొండుకి ఇస్తాం.
మధ్యలో మిగిలేది చేనుగట్టంత.
నీ జీతం, నా జీతం, అద్దె, జెనరేటరు డీజిలు,
నెలకి పది రోజులు నిద్రపోయే ఏటీఎం,
అందరం ఆ గట్టు మీదే నడవాలి
ఒకరి వెనక ఒకరు, చెప్పులు చేత్తో పట్టుకుని.
గట్టుకి ఎండ్రకాయ బొక్క పెట్టిందనుకో,
పైకి ఏమీ కనపడదు.
తెల్లారేసరికి నీళ్ళన్నీ పక్క చేలో ఉంటాయి.

మన బొక్క పేరు పెనుమత్స నరసరాజు గారు.
నాలుగు చెరువులు, నలభై లక్షలు.
సంతకం నాదే.
ఆయన తెచ్చిన పూతరేకులు అందరం తిన్నాం.
నూట పది కౌంటు మీదుండగా తెల్లమచ్చ వచ్చింది.
ఏరియేటర్లు ఆగిన రాత్రి
ఊరంతా ఏదో చెవుడు వచ్చినట్టుంది.
మూడు నెలలు దాటాక కంప్యూటర్లో ఆయన పేరు ఎర్రబడింది.
బజార్లో కనపడితే
ఇప్పటికీ నేనే ముందు నమస్కారం పెడతాను.

చేపలమ్మే నాగిడి సత్తెమ్మ గ్రూపు
ఒక్క కంతు తప్పలేదు.
ఎవరైనా తగ్గితే తక్కిన తొమ్మిదిమందీ వెళ్ళి
ఆవిడ అరుగు మీద కూర్చుంటారు.
రాజుగారి అరుగు మీద కూర్చునే ధైర్యం
బ్యాంకుకి ఎవరిచ్చారు?

మాఫీ మాట కూడా అంతే.
మైకులో వినపడ్డ మర్నాటి నుంచి
కట్టేవాడి చెయ్యి కూడా జేబులోనే ఆగిపోయింది.

ఇక బంగారం. నిజానికి మనల్ని మోసింది అదే.
ఊడ్పులకి లోపలికొస్తుంది, మాసూళ్ళకి బయటికెళ్తుంది.
లాకరు గదికీ వశిష్ట పాయకి ఉన్నట్టే పోటూ పాటూ.
ఈ ఏడు పాటు లేదు. అంతా పోటే.
వడ్డీ పెరుగుతోంది, లెక్కలో అది లాభం.
గీటురాయి తుడుచుకుంటూ వీరాచారి అన్నాడు:
"గొలుసులు అయిపోయాయండి.
పిల్లల మురుగులు వత్తన్నాయి."

గుబ్బల ఏసురత్నం మాత్రం
ఏ గడిలోనూ లేడు.
మూడెకరాలు కౌలు. కార్డుకి భూమిగలాయన సంతకం కావాలి,
ఆయన పెన్ను ఎప్పుడూ హైదరాబాదులో ఉంటుంది.
పంట రుణం తీసుకునే రోజున మాత్రం వెంట తెచ్చాడు.
ఒక కౌంటర్లో రుణం తీసుకుని
పక్క కౌంటర్లో ఫిక్సెడ్ డిపాజిట్ చేశాడు.
మనకి ఒక్క దెబ్బకి రెండు టార్గెట్లు.
చప్పట్లు కొట్టింది నువ్వే.
ఏసురత్నం మిల్లు షావుకారు దగ్గర తెచ్చాడు, నూటికి రెండున్నర.
ఆ రెండున్నర ప్రతి సోమవారం పొద్దున్నే
రబ్బరు బ్యాండు వేసుకుని మన దగ్గరికే వస్తుంది.
షావుకారు కరెంటు ఖాతా.
ఆ నోట్లకి ఊక వాసన.
లెక్కపెడుతూ నువ్వు తుమ్ముతావు.

"ఇదంతా పడతదాండీ ఇందులో?"
దొరబాబు గడి మీద వేలు పెట్టాడు.
వేలికింద గడి మొత్తం కనపడకుండా పోయింది.

కాగితం నా వైపు తిప్పుకున్నాను.
రెండు మాటలు రాసి, ముద్ర వేశాను:
అకాల వర్షాలు.

దొరబాబు కూడబలుక్కుని చదివాడు.
కిటికీ దగ్గరికెళ్ళి కాసేపు పైకి చూశాడు.
ఈ ఏడు వానలు వేళకే పడ్డాయని
వాడూ అనలేదు, నేనూ అనలేదు.
షట్టరు సగం దించాక అడిగాడు,
ఫ్లాస్కులో టీ మిగిలిందేమోనని.